అరుంధతి ఎడమకు తిరుగుతుంది

మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఒకటే. ఏదైనా అవసరం పడితే పక్కింటి అత్తయ్య అప్పడాల కర్రతో ఆ గోడను తట్టేది. ఒకసారి తడితే కరివేపాకు కావాలని, రెండుసార్లు తడితే టీ పెట్టానని. పోయిన శ్రావణంలో ఒక ఉదయం ఆ చప్పుడు మొదలై ఆగలేదు. అమ్మ చేతిలో పని వదిలేసి పరుగెత్తింది. నేను గోడకు ఇవతలే నిలబడిపోయాను. చప్పుడు ఆగితే ఏం వినాల్సి వస్తుందోనని, అది ఆగకూడదని కోరుకున్నాను. కాసేపటికి ఆగింది. మావయ్య నిద్రలోనే వెళ్లిపోయారు.

మావయ్యతో మాకు చుట్టరికం లేదు. నరసరావుపేటలో మా వీధి మొత్తానికి ఆయన మావయ్యే. ఆయనది చిన్న ఫొటో స్టూడియో. ఈ చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లయిన ఏ ఇంట్లో అడిగినా, ఆల్బమ్ వెనక అట్ట మీద ఆ స్టూడియో ముద్ర ఉండే అవకాశం ఎక్కువ. డిగ్రీ అయ్యాక నేను బ్యాంకు పరీక్షలకు చదువుకుంటూ, సాయంత్రాలు అక్కడ ఆల్బమ్‌లు తయారుచేసేదాన్ని. నాకు మనుషులతో మాట్లాడటం కష్టం, ఫొటోల్లో ఉన్న మనుషులతో ఇబ్బంది లేదు. నేను చెప్పకుండానే మావయ్య అది గ్రహించి, నా కుర్చీ కౌంటర్ దగ్గర కాకుండా లోపలి గదిలో వేయించారు. ఎవరైనా తలుపు తోసుకుని వచ్చి ఏదైనా అడగబోతే, "ఆ అమ్మాయి పనిలో ఉంది, కదిలించమాకండి. ఏదన్నా ఉంటే నన్నడగండి" అనేవారు.

గుండెకు స్టెంట్ వేశాక ఆయనకు ఒక అలవాటు వచ్చింది. ఫొటో తీసే ముందు చొక్కా జేబు మీద ఒకసారి తట్టుకునేవారు. మాత్రలు ఉన్నాయో లేవో చూసుకోవడం. ఆ మాత్రల రేకు చిన్నగా చప్పుడు చేసేది. ఆ చప్పుడు వినగానే పెళ్లివాళ్లు ఫొటో తీయబోతున్నారని సర్దుకుని నవ్వేవాళ్లు. నాకు మాత్రం ప్రతిసారీ గుండె ఝల్లుమనేది.

పెళ్లిళ్లలో ఆయన చాలా జాగ్రత్తగా తీసేది అరుంధతి ఫొటో. వరుడు వేలెత్తి చూపించాలి, వధువు అటు చూడాలి. మా వైపు పెళ్లిళ్లు చాలావరకు పగలే. పైన పందిరి, దాని పైన మిట్టమధ్యాహ్నపు ఎండ. "కనపడిందా అమ్మా?" అని పంతులుగారు అడుగుతారు. "కనపడింది" అని పెళ్లికూతురు అంటుంది. అందరూ అంటారు. మావయ్య మధ్యలో దూరి వరుడి భుజం పట్టుకుని తిప్పేవారు. "అటు కాదు బాబూ, ఇటు. వెలుగు ఎటుంటే అరుంధతి అటే."

ఆ మాట ఆయన ఎన్ని పెళ్లిళ్లలో అన్నారో నాకు తెలియదు. ఆ మాటే చివరికి ఆయనను పట్టుకుంది.

రెండేళ్ల క్రితం వాళ్ల పెళ్లిరోజున అత్తయ్య గోడ తట్టి నన్ను పిలిచింది. సేమ్యా పాయసం గిన్నె నా చేతికిచ్చి, పాత ఆల్బమ్ ముందు పెట్టింది. నలుపు తెలుపు ఫొటో. బక్కపల్చని మావయ్య వేలెత్తి చూపిస్తున్నారు. అత్తయ్య పైకి చూస్తోంది.

"ఏం చూపిస్తన్నాడో తెలుసా?" అంది అత్తయ్య. "పందిరి గుంజకి కట్టిన మామిడాకు. అది కూడా ఎండిపోయిన ఆకు."

"మరి కనపడిందని అన్నారా అత్తయ్యా?"

"అనకపోతే పెళ్లి ఆగిద్ది కదే! ఒక పక్క ఆకలి. అందరూ నా మొహమే చూస్తన్నారు. కనపడిందయ్యా బాబూ అన్నాను."

నేను నవ్వాను. మావయ్య నవ్వలేదు. ఆ ఫొటోను కళ్లజోడు పైకెత్తి చాలాసేపు చూశారు. మర్నాడు స్టూడియోలో నా కుర్చీ పక్కన నిలబడి, గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మాయ్, అరుంధతిని నిజంగా ఫొటో తీయాలంటే ఏం చెయ్యాలి?"

మేడ మీదకు తీసుకెళ్లి నేరుగా చూపించవచ్చు కదా అన్నాను. అత్తయ్యకు షుగర్ వల్ల చూపు మందగించింది, చంద్రుడే రెండుగా కనపడుతున్నాడట. వసిష్ఠుడి పక్కన నలుసంత ఉండే అరుంధతి ఆమెకు ఇక కంటితో దొరకదు. ఫొటో తీసి, పెద్దది చేసి, వెలుతురులో చేతికివ్వాలి. అదీ ఆయన పట్టుదల.

చెప్పినంత తేలిక కాదది. పెళ్లిళ్ల కెమెరాకు దూరాన్ని దగ్గర చేసే లెన్సు బిగించి మేడ మీద ప్రయత్నించాం. కొద్ది క్షణాలే తెరిచి ఉంచితే అరుంధతి ఉందో లేదో తెలియనంత మసక. ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఆకాశం కదిలిపోయి చుక్క కాస్తా గీత అవుతుంది. అత్తయ్య ఆ ఫొటో చూసి, "ఇదేంది, గోరుతో గీకినట్టు. ఇదా అరుంధతి?" అంది.

ఆకాశం ఎంత వేగంతో తిరుగుతుందో అంతే వేగంతో కెమెరాను కూడా తిప్పాలి. అలా తిప్పే పరికరాలు కొనడానికి దొరుకుతాయి. ఇంట్లో చేసుకునే పద్ధతి కూడా ఒకటి ఉందని నేను చదివి చెప్పాను. రెండు చెక్క పలకలను పుస్తకం అట్టల్లా ఒక మడతబందుతో కలపాలి. ఆ బందు సూటిగా ధ్రువ నక్షత్రాన్ని చూడాలి. కింది పలకలో నట్టు బిగించి, దాని గుండా మరలున్న కడ్డీ ఎక్కిస్తే, కడ్డీని తిప్పినకొద్దీ అది పై పలకను నెమ్మదిగా పైకి నెడుతుంది. పై పలక మీద కెమెరా. నిమిషానికి ఒక్క చుట్టు తిప్పితే చాలు, కెమెరా నక్షత్రాల వెంట వెళ్తుంది. మేం కొన్న కడ్డీకి, బందు నుంచి ఇరవై మూడు సెంటీమీటర్లకు ఒక్క మిల్లీమీటరు తక్కువ దూరంలో బెజ్జం పడాలని లెక్క వచ్చింది. ఆ ఒక్క మిల్లీమీటరు గురించి నేను నాలుగు రోజులు సరిగా తినలేదు.

పలకలు పాత బీరువా తలుపు నుంచి వచ్చాయి. ధ్రువుణ్ని గురి చూడటానికి బందు పొడవునా కొబ్బరినీళ్లు తాగే గొట్టం అతికించాం. కడ్డీని చేత్తో తిప్పడానికి పిడి కావాలి. మావయ్య వంటింట్లోకి వెళ్లి ఒక మూత పట్టుకొచ్చారు. అత్తయ్య జాడీలో నుంచి వాడకానికి తీసుకునే ఆవకాయ గాజు సీసా మూత. బెజ్జం పెడితే తన్నులు తప్పవని, దాని నడినెత్తిన ఒక నట్టు జిగురుముద్దతో అతికించి, ఆ నట్టును కడ్డీ చివర బిగించారు. అంచున నా గోళ్లరంగుతో ఒక ఎర్ర చుక్క పెట్టాం. గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగేలోగా ఆ చుక్క కూడా ఒక చుట్టు తిరిగి రావాలి.

బందు ఏ వైపు ఉండాలన్న దగ్గర పొరపాటు జరిగింది. ఉత్తరానికి తిరిగి నిలబడితే అది ఎడమ చేతి వైపు ఉండాలని నేను చదివాను. చెప్పాను కూడా. మావయ్య స్క్రూడ్రైవర్ ఆపి నా వంక చూశారు.

"ఎడమా? గుడి చుట్టూ ఎటు తిరుగుతాం? హారతి ఎటు తిప్పుతాం? దేవుడి పక్కనున్న చుక్కలు ఎడమకెందుకు తిరుగుతాయమ్మా? నువ్వు చదివింది వేరే దేశం వాళ్లు రాసింది అయ్యుంటది. వాళ్లకట్టా తిరుగుతాయేమో."

దక్షిణార్ధగోళంలో నిజంగానే వేరుగా తిరుగుతాయి. దానితో నాకూ అనుమానం వచ్చింది. బందు కుడివైపు బిగించారు.

ఆ రాత్రి భోజనాల ముందు మేడ మీద తీసిన ఫొటోలో గీతలు ఇంకా పొడవయ్యాయి. అసలు ఏమీ తిప్పకుండా తీసిన దానికంటే రెట్టింపు. నేను రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూశాను. మేం చుక్కల వెంట వెళ్లడం లేదు, వాటికి ఎదురు వెళ్తున్నాం. మావయ్యకు చెప్పాను. ఆయన మేడ మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఉత్తరానికి తిరిగి, పిట్టగోడ మీది నీళ్లట్యాంకు అంచును గుర్తుగా పెట్టుకుని కూర్చున్నారు. ఒక చుక్క ఆ అంచు దాటేదాకా కదల్లేదు.

"నిజమే అమ్మాయ్" అన్నారు చివరికి. ఆయన తెలుగు మీడియంలో చదువుకున్నారు. చిన్నప్పటి పాఠం మాట ఎక్కడి నుంచో నోటికి వచ్చింది. "అన్నీ అపసవ్య దిశలో తిరుగుతున్నాయి."

కాన్వెంట్‌లో మాకు ఆ మాట రాలేదు. మాకు సిస్టర్లు చెప్పింది యాంటీక్లాక్‌వైజ్ అని, దానికి భయపడాల్సిందేమీ లేదు. కానీ మజ్జిగ గ్లాసుతో మెట్లెక్కి వస్తున్న అత్తయ్య ఆ మాట విని అక్కడే ఆగిపోయింది.

"ఏమన్నావు? ఆ మాట ఇంట్లో అంటారా ఎవరన్నా?"

"దిక్కు గురించే..." అన్నారు మావయ్య.

"నాకు తెలుసు ఏ దిక్కో. మా నాన్న పోయినప్పుడు విన్నా. మళ్లీ మా అన్న పోయినప్పుడు విన్నా. అపసవ్యం, అపసవ్యం అంటా పంతులు ఎడమకే తిప్పాడు అందర్నీ. గుండెలో తీగ ఏయించుకున్న మనిషివి, నీకెందుకయ్యా ఎడమకు తిప్పే పని?"

మావయ్య నవ్వబోయి దగ్గారు. ఆ దగ్గు వెంటనే ఆగలేదు. అత్తయ్య మొహంలో రంగు పోవడం నేను చూశాను. ఆ పూటే కడ్డీ నుంచి మూత విప్పి తీసుకెళ్లి, నట్టుతో సహా సీసాకు బిగించేసింది. బీరువా చెక్కలు మంచం కిందకు పోయాయి.

తర్వాతి వేసవి దాకా ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. చైత్రం గడిచింది. ఆ యేడు మావయ్య పెళ్లిళ్లు తగ్గించుకున్నారు. మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేవారు. స్టూడియోలో రోజూ సాయంత్రం నన్ను ఒక్కటే అడిగేవారు. "తొలకరికి ఇంకా ఎన్నాళ్లుందమ్మా?" వానలు పడితే మబ్బులు, మబ్బులు తొలిగేసరికి అరుంధతి పడమటికి దిగిపోతుంది. ఇంకో యేడాది ఆగాలి. ఆ యేడాది మాట ఇద్దరం అనేవాళ్లం కాదు. నేను రోజూ ఫోన్‌లో వాతావరణం చూసేదాన్ని. ఆయన జేబు తట్టుకునే చప్పుడు కోసం చెవులు రిక్కించేదాన్ని. వానో, గుండెపోటో, ఏది ముందు వస్తుందోనని భయం.

అత్తయ్య పుట్టినూరు బెల్లంకొండ దగ్గర. జ్యేష్ఠంలో అక్కడ వాళ్ల చుట్టాల పెళ్లి పడింది. మావయ్య కెమెరా సంచి సర్దుతూ, మంచం కింది చెక్కలు కూడా కారులో పెట్టించారు. అత్తయ్య చూసింది. అన్నంలోకి కావాలంటూ ఆవకాయ సీసా కూడా తనే సంచిలో పెట్టుకుంది. నన్ను తోడు రమ్మంది. ఆమె ఒప్పుకున్నదో, అలిగిందో నాకు అంతుపట్టలేదు.

పెళ్లి మధ్యాహ్నానికి అయిపోయింది. పొద్దు కుంకాక మావయ్య ఊరి చివరి మిరప కల్లానికి దారితీశారు. కాయలు ఎత్తేసి ఎన్నో వారాలైంది, అయినా ఘాటు నేలలోనే ఉంది. అడుగు వేస్తే లేచేది. మావయ్య తువ్వాలు ముక్కుకు అడ్డం కట్టుకున్నారు. చుట్టూ దీపాల్లేవు. చాచిన చేతికి పిడికిలిన్నర ఎత్తున, ధ్రువుడు ఒంటరిగా ఉన్నాడు. నైరుతి మూల దూరంగా మెరుస్తోంది.

ఇటుకల మీద చెక్కలు నిలబెట్టాం, ఈసారి బందు ఎడమవైపు. నేను నేల మీద పడుకుని గొట్టంలో నుంచి ధ్రువుణ్ని చూశాను. అత్తయ్య అడక్కుండానే సీసా మూత విప్పి ఇచ్చింది. మావయ్య దాన్ని కడ్డీకి బిగించి తిప్పడం మొదలుపెట్టారు. చెయ్యి వణికింది. ఆ వణుకు కెమెరా దాకా పాకింది. మొదటి ఫొటో అలుక్కుపోయింది. రెండోదీ అంతే. ఆయన ఇటుకల పక్కన కూలబడి ఊపిరి తీసుకున్నారు. తువ్వాలు లోపలికీ బయటికీ ఆడుతోంది.

నేను తిప్పుతానన్నాను. కెమెరా దగ్గర నువ్వే ఉండాలి, బటన్ నొక్కేది నువ్వే అన్నారు.

"ఏమే, నువ్వు తిప్పు" అన్నారు అత్తయ్యతో.

"నేనా? ఎడమకా?"

"నీకు చూపించాలనే కదా ఈ గోలంతా. ఆ రోజు ఎండుటాకు చూపించాను. ఇయ్యాళ నిజంగా చూపిస్తా."

అత్తయ్య నా వైపు తిరిగింది. చీకట్లో మొహం కనపడలేదు, గొంతు మాత్రం చిన్నపిల్ల గొంతులా ఉంది.

"పిల్లా, నువ్వు చదువుకున్నదానివి. నిజం చెప్పు. దీనివల్ల ఆయనకేం కాదు కదా?"

జీవితంలో నన్ను ఎవరూ అంత పెద్ద ప్రశ్న అడగలేదు. ఆకాశం గురించి నాకు తెలుసు. మావయ్య గుండె గురించి ఏం తెలుసు? చేతికి తగిలిన గాజు సీసాను చూశాను.

"అత్తయ్యా, మీరు రోజూ ఈ సీసా మూత ఎటు తిప్పి తీస్తారు?"

ఆమె గాల్లో చెయ్యి తిప్పి చూసుకుంది. ఎడమకు. ఇంకోసారి తిప్పింది. అటే.

"ఓసి నీ అమ్మ కడుపు మాడా" అంది. "రోజుకి రెండుసార్లు తీస్తన్నానే."

మావయ్య తువ్వాలు వెనక నుంచి నవ్వారు. ఈసారి దగ్గు రాలేదు.

అత్తయ్య చీర కుచ్చిళ్లు దోపుకుని కూర్చుంది. మావయ్య తన చేతిగడియారం విప్పి, ఫోన్ వెలుతురుకు గుడ్డ అడ్డం పెట్టి ఆమె ముందు ఉంచారు. "ముల్లు ఎంత పోతే నువ్వంత పో. తొందరేం లేదు."

"ముల్లేమో ఇటు పోతంది, మూతేమో అటు తిప్పమంటన్నావు. నా బుర్ర ఎటు పోవాలయ్యా?"

"బుర్ర నా దగ్గర పెట్టు. నువ్వు చెయ్యి తిప్పు."

నేను బటన్ నొక్కాను. ఏళ్ల తరబడి పిండి రుబ్బిన చెయ్యి అది, వణకలేదు. మెరుపు ఇంకొంచెం దగ్గరకు వచ్చింది. మావయ్య మెల్లగా లేచి లెన్సు ముందు, కాస్త దూరంలో నిలబడి వేలెత్తి చూపించారు, పెళ్లిలోలాగే. తప్పుకోండి, పాడైపోతుందని అనబోయాను. ఆయన వెంటనే తప్పుకుని, జేబు మీద తట్టుకుని, మళ్లీ కూర్చున్నారు.

కెమెరా వెనక తెరలో ఫొటో వెలిగింది. గీతలు లేవు. చుక్కలన్నీ చుక్కలే. వసిష్ఠుడు, పక్కనే విడిగా, స్పష్టంగా అరుంధతి. కింద ఒక మూల నుంచి నీడలాంటి వేలు. కాసేపే ఉన్నందువల్ల అది పూర్తిగా పడలేదు, వేలి గుండా చిన్న చుక్కలు కనపడుతున్నాయి. నేను దాన్ని పెద్దది చేసి అత్తయ్య కళ్ల దగ్గర పెట్టాను.

"కనపడిందా?" అన్నారు మావయ్య.

ఈసారి ఎవరికీ తొందర లేదు. అత్తయ్య తెరను దగ్గరకు, దూరంగా జరిపి చూసుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఇంత చిన్నదా" అంది. తర్వాత, "కనపడింది."

చినుకులు పడేలోగా చెక్కలు కారులోకి చేర్చాం. ఆ వారమే వానలు మొదలయ్యాయి. ఫొటోను మావయ్య పెద్ద సైజులో ప్రింటు వేసి, మా రెండిళ్ల మధ్య గోడకు అటువైపు తగిలించారు. అత్తయ్య గోడ తట్టినప్పుడు ఆ ఫ్రేము కూడా కొంచెం కదిలి చప్పుడు చేసేది. శ్రావణంలో ఆ ఉదయం ఎడతెగకుండా వినపడినదాంట్లో అది కూడా ఉంది.

ఆ రోజు పక్కింటి గడప దాటడానికి నాకు చాలాసేపు పట్టింది. ఏం కాదు కదా అని ఆమె నన్ను అడిగింది. నేను సీసా మూత చూపించాను. రెండు నెలలు తిరక్కుండానే ఇలా అయింది. గుండె జబ్బు సంగతి డాక్టర్లు ఎప్పుడో చెప్పారని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కాళ్లు కదలవు. అత్తయ్య నా మొహం చూసి ఏమంటుందోనని, అనకుండా ఏమనుకుంటుందోనని, గోడవారగా, జనం వెనక నిలబడ్డాను.

తీసుకెళ్లే ముందు ఆడవాళ్లను చివరిసారి చుట్టూ తిరిగి బియ్యం వేయమన్నారు. ఎవరో అలవాటుగా కుడివైపు కదిలారు. "అటు కాదమ్మా, అపసవ్యం, ఎడమకు, ఎడమకు" అన్నారు పంతులుగారు. ఆ మాట విని నేను కళ్లు మూసుకున్నాను.

ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. అత్తయ్య. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"ఎడమకే పిల్లా. రా. మనకు అలవాటేగా" అంది.

ఆమె చెయ్యి పట్టుకుని నడిచాను. నెమ్మదిగా నడిచింది. నడుమ ఆయన కదలకుండా ఉన్నారు. జనమంతా ఆయన చుట్టూ ఒకే వైపు, ఎడమకు తిరుగుతున్నారు. ఆ దిక్కు నాకు భయం వేయలేదు. ఆ రోజంతటిలో భయం వేయనిది అదొక్కటే.

స్టూడియో మూసేశారు. చెక్కలు నా దగ్గరే ఉన్నాయి. లోపలి గదిలో నా కోసం వేసిన కుర్చీ కూడా అత్తయ్య మా ఇంటికి పంపించింది. వాన వెలిసిన రాత్రుల్లో మేడ ఎక్కి ఉత్తరానికి చూస్తాను. నా భయాలు పోలేదు. ఫోన్ మోగితే ఇప్పటికీ ఉలిక్కిపడతాను. కానీ ఎవరైనా పెళ్లిలో నన్ను "కనపడిందా" అని అడిగే రోజు వస్తే, కనపడేదాకా ఆగమని చెప్పగలననుకుంటున్నాను.

మొన్న సాయంత్రం గోడ మీద రెండుసార్లు చప్పుడైంది. ఆయన పోయాక అదే మొదటిసారి. వెళ్తే టీ లేదు. పీట మీద అన్నం పెట్టి ఉంది, ఇద్దరికి. అత్తయ్య ఆవకాయ సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మూత నడినెత్తిన ఆ నట్టు అలాగే ఉంది, అంచున గోళ్లరంగు చుక్క సగం చెరిగిపోయి ఉంది. ఆమె మూత మీద చెయ్యి వేసి, ఎదురుగా గోడ గడియారం వంక చూసింది. తిప్పడం మొదలుపెట్టింది. ఎర్ర చుక్క ఎడమకు కదిలింది, సెకన్ల ముల్లు ఎంత పోతే అంత. తొందరేం లేదు.